వాయిదాకు ఆగని జబ్బు



కరోనా అనగానే మనకు ఊపిరి గుర్తొస్తుంది. ఆక్సిజన్ సిలిండర్లు, వేలికి తగిలించుకునే ఆక్సీమీటర్లు, దొరకని ఆసుపత్రి మంచాలు. అలా గుర్తుండటం న్యాయమే. పోయినవాళ్లలో చాలామంది ఊపిరందకే పోయారు. ఈ వేళ నేను మాట్లాడబోయేది మాత్రం వేరేవాళ్ల గురించి. సోరియాసిస్, ఎగ్జిమా, బొల్లి, లూపస్, పెంఫిగస్ లాంటి జబ్బుల్ని ఏళ్ల తరబడి ఒంటి మీద మోస్తూ ఆ రెండేళ్లూ గడిపినవాళ్ల గురించి. వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఖమ్మంలో ఒక బ్యాంకులో క్యాష్ కౌంటర్ దగ్గర పనిచేసేదాన్ని. కాలేజీలో చదివే రోజుల నుంచి నాకు సోరియాసిస్ ఉంది. మోచేతులు, మోకాళ్లు, మాడు, అన్నిటికన్నా ఎక్కువగా అరచేతులు.

ఈ జబ్బు గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. చర్మం అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి మామూలుగా ఇంచుమించు నెల పడుతుంది. సోరియాసిస్‌లో ఆ పని మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది. ముదరకుండానే పైకొచ్చిన కణాలు పేరుకుపోయి తెల్లగా పొట్టు రాలుతుంది. కింద చర్మం మందంగా తయారై పగులుతుంది. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ దారి తప్పడం వల్ల వచ్చేదే తప్ప దీనికి క్రిమి లేదు. ముట్టుకుంటే రాదు, పక్కన పడుకుంటే రాదు, ఒకే తువ్వాలు వాడినా రాదు. పూర్తిగా పోగొట్టే మందు లేదు గాని అదుపులో పెట్టే మందులున్నాయి. అదుపులో ఉండాలంటే మాత్రం మందు, నూనె, రక్తపరీక్ష, డాక్టరు చూపు, ఏదీ ఆగకూడదు. 2020 మార్చిలో అన్నిటికన్నా ముందు ఆగిపోయినవి సరిగ్గా అవే. ప్రాణం మీదికి రాని జబ్బు కదా, కొన్నాళ్లు ఆగమన్నారు. మాది ఆగే జబ్బు కాదని చెప్పడానికే ఈ రోజు మైకు ముందుకొచ్చాను.

ముందు సబ్బు సంగతి చెప్పాలి.

కరోనా వైరస్ చుట్టూ ఒక కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగించగానే వైరస్ చెదిరిపోతుంది. అందుకే ఇరవై సెకన్లు రుద్ది కడుక్కోమన్నారు. ఆ సలహా ఎందరి ప్రాణాలో కాపాడింది, దానికి వ్యతిరేకంగా ఒక్క మాట కూడా అనను. అయితే మన చర్మం పై పొరను పట్టి ఉంచేది కూడా కొవ్వే. గోడలో ఇటుకల్లా కణాలు పేర్చి ఉంటే వాటి మధ్య సున్నంలా సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. సబ్బు వైరస్ మీది కొవ్వుతో పాటు వీటినీ కడిగేస్తుంది. పైగా చర్మానిది కాస్త ఆమ్ల గుణం, పీహెచ్ 5కు అటూ ఇటూ. మామూలు సబ్బుబిళ్లది క్షార గుణం, పీహెచ్ 9 నుంచి 10. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొన్ని గంటల్లో తేరుకుంటుంది. ముందే పగిలి ఉన్న చర్మం తేరుకునేలోపే మళ్లీ కడుక్కునే వేళ అవుతుంది.

ఇది మా జబ్బువాళ్లు గోరంతలు కొండంతలు చేసి చెప్పుకున్న కష్టం కాదు. మహమ్మారి మొదలైన చైనాలోని హుబే రాష్ట్రంలో కరోనా వార్డుల్లో పనిచేసిన 542 మంది వైద్య సిబ్బందిని పరిశీలిస్తే 97 శాతం మందికి చర్మం దెబ్బతిన్నదని తేలింది. మాస్కు, కళ్లద్దాలు ఒరుసుకుని ముక్కు దూలం, చేతి తొడుగులు, కడుగుళ్లతో చేతులు. ఇది చర్మ రోగుల లెక్క కాదు, వైద్య సిబ్బంది లెక్క. మరి జబ్బున్నవాళ్ల చేతులు ఏమై ఉంటాయో ఆలోచించండి.

నా చేతులు ఏమయ్యాయో చెబుతాను. నోట్లు లెక్కపెట్టే పని కాబట్టి గంటగంటకూ కడుక్కోవడం, మధ్యమధ్య శానిటైజర్. వారం తిరిగేసరికి బొటనవేళ్ల దగ్గర, గీతల వెంబడి చర్మం చీలింది. చీలిక మీద శానిటైజర్ పడితే కళ్లలో నీళ్లు తిరిగేవి. కౌంటర్ అవతలివాళ్లకు కనబడకుండా తల వంచుకునేదాన్ని. ఆ నెలల్లోనే ఆసుపత్రుల్లో బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లతో నేల తుడిచిన ఆడవాళ్లు, ఇళ్లలో అంట్లు తోమే ఆడవాళ్లు ఎంతమంది ఇలాంటి చేతులతోనే పనిచేశారో. మాకైనా నెల తిరిగితే జీతం పడేది. వాళ్ల చేతులను చర్మ డాక్టరు చూసిందెప్పుడు?

డాక్టరు చెప్పి నేర్పినవి కొన్ని ఉన్నాయి. ఇవి జబ్బు లేనివాళ్లకూ పనికొస్తాయి కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. వేడినీళ్లు వద్దు, చల్లనివో గోరువెచ్చనివో చాలు. కడిగే ముందు ఉంగరాలు తీసేయాలి. ఉంగరం కింద ఇరుక్కున్న సబ్బు నీళ్లే చాలామందికి మొదటి కురుపు తెస్తాయి. తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దుకోవాలి, వేళ్ల సందుల్లో కూడా. చెమ్మ పూర్తిగా ఆరకముందే వ్యాజలీనో కొబ్బరినూనో రాయాలి. ఖరీదైన క్రీమే ఉండాలని లేదు. ఎగ్జిమా ఉన్న పిల్లల మీద జరిపిన పరీక్షల్లో కొబ్బరినూనె మేలు చేసిందని రుజువైంది. రాత్రి పడుకునే ముందు దట్టంగా రాసి పాత నూలు తొడుగులు వేసుకుంటే తెల్లారేసరికి చీలికలు చాలావరకు మెత్తబడతాయి. అంట్లు తోమేటప్పుడు రబ్బరు తొడుగు ఒక్కటే వేసుకుంటే లోపల చెమట పట్టి మంట ఎక్కువవుతుంది. లోపల నూలుది, పైన రబ్బరుది ఉండాలి.

ఇంకొకటి, చాలామంది నమ్మరు. చీలికలు లేని చేతికి సబ్బు కన్నా మంచి శానిటైజరే తక్కువ హాని చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన తయారీ పద్ధతిలో ఆల్కహాల్‌తో పాటు 1.45 శాతం గ్లిజరిన్ కలపమని రాసి ఉంది. చేతులు ఎండిపోకుండా ఉండటానికే అది. చర్మం గురించి ఆలోచించి రాసిన మనిషి ఎవరో ఉన్నారన్నమాట. ఆ ఒక్క అంకె చూసినప్పుడు నాకు ఎంతో ఊరట కలిగింది.

ఇప్పుడు కౌంటర్ దగ్గరికి వస్తాను.

2020 ఏప్రిల్ మొదటి వారంలో జన్‌ధన్ ఖాతాలున్న ఆడవాళ్లకు కేంద్రం నెలకు 500 రూపాయల చొప్పున వేయడం మొదలుపెట్టింది. ఖాతా నంబరులో చివరి అంకెను బట్టి ఏ రోజు ఎవరు రావాలో చెప్పారు. తెలంగాణలో రేషన్ కార్డున్న కుటుంబాలకు రాష్ట్రం 1,500 రూపాయలు వేసింది. పనులు లేక, కూలి లేక ఉన్నవాళ్లు. తెల్లవారకముందే బ్యాంకు బయట సున్నంతో గీసిన గుండ్రాల్లో చెప్పులు, సంచులు పెట్టి వరస కట్టేవాళ్లు. ఆ డబ్బు వాళ్ల చేతుల్లో పెట్టవలసిన చేతులు నావి.

కొందరు చూసి ఊరుకున్నారు. ఒకాయన పాస్‌బుక్కు లోపలికి జరపబోయి ఆగి, ఇంకో కౌంటర్ లేదా అని అడిగాడు. ఒక ముసలామె మాత్రం ముక్కుసూటిగా అడిగింది. "చేతులకేమైంది బిడ్డా? అంటుకుంటదా?" అంటుకునేది కాదమ్మా, ఎప్పటినుంచో ఉన్నదే అన్నాను. "అట్లనా, మరి మందేసుకుంటున్నవా?" అని డబ్బు తీసుకుని వెళ్లింది. ఆమె అడిగిన తీరు నాకు నచ్చింది. అడిగితే చెప్పగలం. అడగకుండా వెనక్కి జరిగే అడుగుకు జవాబు చెప్పే అవకాశమే ఉండదు.

కొన్నాళ్లకు నన్ను వెనక గదిలో కాగితాల పనికి మార్చారు. నా మేలు కోరే అలా చేశామన్నారు, అందులో నిజం లేకపోలేదు. చేతులకు కాస్త విశ్రాంతి దొరికింది. కాని మార్చే ముందు, నీకేది వీలు అని నన్నొక్క మాట అడిగి ఉంటే బాగుండేది. నోట్లు ముట్టుకోని పని ఇవ్వడం వేరు, జనం కంట పడని పని ఇవ్వడం వేరు. ఆ తేడా గుర్తించే అధికారి దొరికిన ఉద్యోగి అదృష్టవంతుడు.

జనం అలా ఎందుకు చూస్తారని చాలా ఆలోచించాను. వాళ్లది చెడ్డ మనసు అనుకుని తృప్తిపడటం తేలికే. కాని అంతకన్నా పాతది ఏదో ఉంది. మన ఊళ్లలో తరతరాలుగా మహమ్మారి అంటే ఒంటి మీద కనబడేది. మశూచి వస్తే అమ్మవారు పోసిందనేవాళ్లు. గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు, అది చూసి ఆ ఇంటి వైపు ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో. ప్రపంచంలో అది పూర్తిగా పోయిందని 1980లో ప్రకటించారు. అంటే ఆ భయాన్ని కళ్లారా చూసినవాళ్లు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. ఒంటి మీద మచ్చ చూసి తప్పుకోవడం ఒకప్పుడు ప్రాణాలు నిలిపిన అలవాటు. కరోనా అలాంటిది కాదు. అది చాలావరకు కనబడకుండా, మామూలుగా ఉన్న మనిషి ఊపిరితో వస్తుంది. కనబడని దాన్ని చూసి భయపడటం మనుషులకు చేతకాదు, అందుకని కనబడేదాన్ని వెతికారు. కనబడ్డవాళ్లం మేము.

ఆ భయం ఎంత దూరం పోయిందో గుర్తుందా? 2020 మార్చి నెలాఖరున ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో, ఊళ్లకు తిరిగొస్తున్న వలస కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి వాళ్ల ఒంటి మీద క్రిమిసంహారక ద్రావణం కొట్టారు. తర్వాత చాలా ఊళ్లలో మార్కెట్ల ముందు ద్రావణం చల్లే సొరంగాలు వెలిశాయి. హైపోక్లోరైట్ నేలను శుభ్రం చేసే మందు, మనిషి చర్మానికీ కళ్లకూ ఊపిరితిత్తులకూ హాని చేస్తుంది. మనుషుల మీద ఇలాంటివి చల్లవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ ఏప్రిల్ 18న చెప్పవలసి వచ్చింది. ఎగ్జిమా ఉన్న ఒక పిల్లవాడు తండ్రితో కూరగాయలకని వచ్చి ఆ సొరంగం గుండా నడిచి ఉంటే ఆ రాత్రి ఎలా నిద్రపోయి ఉంటాడో నేను ఊహించగలను.

ఇక మందుల సంగతి. ఇక్కడ నాకు చాలా చెప్పాలని ఉంది.

సోరియాసిస్ ముదిరినవాళ్లకు మన దేశంలో ఎక్కువగా రాసేది మెథోట్రెక్సేట్. కొద్ది రూపాయల మాత్ర. దాని వెనక మన మనిషి ఉన్నాడని ఎందరికి తెలుసో. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందమే ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడే పుట్టాయి. మొదట వాటిని పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడారు. సుబ్బారావు గారు 1948లో పోయారు. అమినోప్టెరిన్ తీసుకున్నవాళ్లలో సోరియాసిస్ మచ్చలు తగ్గుతున్నాయని 1951లో అమెరికాలోనే గబ్నర్ అనే డాక్టరు గమనించాడు. ఇవాళ నేను వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుని, దాని దుష్ఫలితాలు తగ్గడానికి ఇంకో రోజు ఫోలిక్ ఆసిడ్ వేసుకుంటాను. రెండూ ఆయన బృందం చేతి పనే. ఆ మాత్రల పట్టీ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను.

మెథోట్రెక్సేట్ రోగనిరోధక శక్తిని కాస్త అణిచిపెడుతుంది. అదే దాని పని. ఊరంతా రోగనిరోధక శక్తి పెంచుకోవాలని కషాయాలు కాచుకుంటున్న రోజుల్లో, దాన్ని తగ్గించే మాత్ర వారం తప్పకుండా వేసుకోవడమంటే ఎంత గుండె ధైర్యం కావాలో చెప్పలేను. మాకు తెలిసినవాళ్లలో చాలామంది భయపడి ఎవరినీ అడక్కుండా మానేశారు. కొద్ది వారాల్లో ఒళ్లంతా రేగింది. చర్మ వైద్యుల సంఘాలు చెప్పింది వేరు. బాగున్నవాళ్లు సొంతంగా మానొద్దు, జ్వరం గాని కరోనా గాని వస్తే డాక్టరుతో మాట్లాడి అప్పటికి ఆపండి అన్నారు. ఆ మాట సకాలంలో పల్లెల దాకా చేరలేదు.

ఆ భయంలో నిజమెంతో తేల్చడానికి లండన్ కేంద్రంగా సోప్రొటెక్ట్ అనే ఒక నమోదు మొదలుపెట్టారు. సోరియాసిస్ ఉండి కరోనా వచ్చినవాళ్ల వివరాలను వివిధ దేశాల డాక్టర్లు అందులో రాశారు. మొదటి విడతలో 25 దేశాల నుంచి 374 మంది వివరాలు చూశారు. అందులో 93 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు, 2 శాతం మంది పోయారు. బయొలాజిక్స్ అనే ఖరీదైన ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్లు, రోగనిరోధక శక్తిని అణిచే ఇతర మందులు వాడుతున్నవాళ్ల కన్నా తక్కువగా ఆసుపత్రిపాలయ్యారు. వయసు, ఊబకాయం, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు లాంటివి అందరికీ ఎలా ప్రమాదమో మాకూ అలాగే. అయితే అన్ని మందులూ ఒకటి కావు. చర్మం మీద బొబ్బలు లేచే పెంఫిగస్‌కు వాడే రిటుక్సిమాబ్ తీసుకున్నవాళ్లకు కరోనా ముదిరే ప్రమాదం నిజంగానే ఎక్కువ, టీకా కూడా వాళ్లలో సరిగ్గా పనిచేయదు. అందుకే ఎవరి మందు సంగతి వాళ్ల డాక్టరునే అడగాలి. కోవిషీల్డ్, కోవాగ్జిన్ బతికున్న క్రిమితో చేసిన టీకాలు కావు కాబట్టి మా మందులు వాడేవాళ్లూ వేయించుకోవచ్చన్నారు. మేమూ వేయించుకున్నాం.

ఇంకో విచిత్రం చూడండి. మమ్మల్ని ఆగమన్న ఆ కాలంలోనే మా మందులు ముందు వరసకు వెళ్లాయి. లూపస్ ఉన్నవాళ్లు రోజూ వేసుకునే మందు హైడ్రాక్సీక్లోరోక్విన్. సూర్యరశ్మి తగిలితే ముఖం మీద రేగే దద్దుర్లను, కీళ్ల నొప్పులను, లోపలి అవయవాల దెబ్బను అది అదుపులో పెడుతుంది. 2020 మార్చిలో వైద్య సిబ్బందికి ముందుజాగ్రత్తగా అది వాడవచ్చని ఐసీఎంఆర్ చెప్పిందో లేదో, అవసరం లేనివాళ్లంతా కొని ఇళ్లలో దాచుకున్నారు. మా బంధువులమ్మాయికి లూపస్. ఆ పిల్ల కోసం వాళ్ల నాన్న లాక్‌డౌన్‌లో, పోలీసులకు చీటీ చూపించుకుంటూ, మందుల షాపు తర్వాత మందుల షాపు తిరిగాడు. ఏ జబ్బూ లేని మా పక్కింటాయన అల్మారాలో మాత్రం రెండు పట్టీలున్నాయి. నాకూ వేసుకోమని ప్రేమగా ఇవ్వబోయాడు. ఇలాంటి మలేరియా మందులు కొందరిలో సోరియాసిస్‌ను రేపుతాయని డాక్టరు ముందే చెప్పి ఉండటంతో తీసుకోలేదు. ఆ పట్టీలు మా బంధువులమ్మాయికి చేర్పించాం. ఆ ఏడాది జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్ష, ఆసుపత్రిలో చేరిన కరోనా రోగులకు ఆ మందు వల్ల లాభం లేదని తేల్చింది.

ఐటోలిజుమాబ్ సంగతి కూడా అంతే. క్యూబా శాస్త్రవేత్తల కృషి ఆధారంగా బెంగళూరు బయోకాన్ సోరియాసిస్ కోసం తెచ్చిన ఇంజెక్షన్ అది. 2013లో మన దేశంలో అనుమతి వచ్చింది. 2020 జులైలో దాన్నే కరోనా ముదిరినవాళ్లకు అత్యవసరంగా వాడటానికి అనుమతించారు. ఎంతవరకు పనికొస్తుందన్న దాని మీద నిపుణుల్లో ఏకాభిప్రాయం రాలేదు. నేను చెప్పేదల్లా ఒక్కటే. మా జబ్బులో జరిగేదీ, కరోనా ముదిరినప్పుడు ఊపిరితిత్తుల్లో జరిగేదీ ఒంటిలోని రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పడమే. చర్మం మీద దశాబ్దాలుగా నేర్చుకున్న విద్యే అక్కడ అక్కరకొచ్చింది. అలాంటప్పుడు చర్మ జబ్బును పైపై జబ్బు అని ఎలా అంటాం?

రెండో వేవ్‌లో స్టెరాయిడ్లు వచ్చాయి. ఆక్సిజన్ అవసరమైనవాళ్లకు డెక్సామెథాసోన్ ప్రాణం నిలుపుతుందని 2020 జూన్‌లో అదే రికవరీ పరీక్ష రుజువు చేసింది. కాని 2021 వేసవిలో మన దగ్గర మామూలు జ్వరానికి కూడా ఇంట్లోనే స్టెరాయిడ్లు మింగినవాళ్లున్నారు. సోరియాసిస్ ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ మాత్ర మొదట అద్భుతంగా కనబడుతుంది, మచ్చలు మాయమవుతాయి. హఠాత్తుగా ఆపితే జబ్బు రెట్టింపై తిరిగొస్తుంది. ఒళ్లంతా ఎర్రబడి, కొందరికి చీము పొక్కులు లేచి ఆసుపత్రిలో చేరవలసి వస్తుంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, దేనికోసం వెళ్లినా, నాకు సోరియాసిస్ ఉందండీ అని ముందుగా చెప్పండి. ఇది బతిమాలి చెబుతున్నాను.

ఇక ఆసుపత్రుల సంగతి. లాక్‌డౌన్ మొదలైనప్పుడు చాలా ఆసుపత్రుల్లో చర్మ విభాగం ఓపీ మూతపడింది. డాక్టర్లను కరోనా వార్డులకు పంపారు. అది తప్పని నేననను. నాకు అతినీలలోహిత కిరణాల చికిత్స నడుస్తోంది అప్పుడు. 311 నానోమీటర్ల దగ్గరి కిరణాలు, వారానికి రెండు మూడుసార్లు, కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఇస్తారు. మధ్యలో కొన్ని వారాలు ఆగితే మళ్లీ మొదటి మోతాదు నుంచి మొదలుపెట్టాలి. ఆగిపోయింది. ఉదయం పూట డాబా ఎక్కి ఎండలో చేతులు చాపి కూర్చునేదాన్ని. ఖమ్మం ఎండ సంగతి తెలిసిందే, ఎనిమిది దాటితే అక్కడ ఉండలేం. బొల్లికి బావంచాలు రాసుకుని ఎండలో నిలబడమని ఎవరో చెబితే విని చర్మం కాల్చుకున్నవాళ్లున్నారు. బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉన్న మాట నిజమే, దాన్ని డాక్టర్లూ వాడతారు. ఎంతసేపు, ఎంత ఎండ అన్నది లెక్క తప్పితే మాత్రం బొబ్బలెక్కుతుంది.

ఫోన్‌లో వైద్యానికి నిబంధనలు 2020 మార్చి 25న వచ్చాయి. అంతకుముందు అది చట్టప్రకారం సరైనదో కాదో డాక్టర్లకే సందేహంగా ఉండేది. ఆ ఏప్రిల్‌లోనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవని ఓపీ మొదలైంది. నాకు అది ఎంతో మేలు చేసింది. మా అమ్మాయి ఫోన్ పట్టుకుంటే నేను కిటికీ దగ్గర చేతులు తిప్పి చూపించేదాన్ని. ట్యూబులైటు వెలుగులో తీసిన ఫోటోలో ఎరుపు రంగు తెలియదు. పైగా మన రంగు చర్మం మీద వాపు, మంట ఎర్రగా కనబడవు, ఊదాగానో బూడిద రంగులోనో కనబడతాయి. చాలా పాఠ్యపుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్ల చర్మానివే. అదే ఏడాది లండన్‌లో మలోన్ ముక్వెండే అనే వైద్య విద్యార్థి తన అధ్యాపకులతో కలిసి, ముదురు రంగు చర్మం మీద జబ్బులు ఎలా కనబడతాయో చూపించే 'మైండ్ ద గ్యాప్' అనే చేతిపుస్తకం తెచ్చాడు. అలాంటిది మన తెలుగు ఆరోగ్య కార్యకర్తలకు, ఆశా కార్యకర్తలకు తెలుగులో ఉండాలి. ఎవరైనా పూనుకుంటే నా చేతుల ఫోటోలు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

మాస్కు గురించి రెండు వైపులా చెప్పాలి. సోరియాసిస్‌కూ బొల్లికీ ఒక గుణం ఉంది, చర్మం ఎక్కడ ఒరుసుకున్నా గీసుకున్నా అక్కడే కొత్త మచ్చ లేవవచ్చు. జర్మన్ వైద్యుడు కోబ్నర్ గమనించాడు కాబట్టి ఆయన పేరుతో పిలుస్తారు. మాస్కు తాడు బిగిసే చెవుల వెనక, ముక్కు దూలం మీద చాలామందికి కొత్త మచ్చలు వచ్చాయి. చెవులకు తగిలించకుండా తల వెనక ముడివేసే మెత్తటి నూలు మాస్కు, దాని కింద పల్చగా వ్యాజలీన్ ఉంటే కొంత నయం.

కాని పెదవుల చుట్టూ బొల్లి మచ్చలున్న ఒక అమ్మాయి నాతో అన్న మాట మరిచిపోలేను. "ఆంటీ, బస్సులో ఎవరూ నా వైపు తిరిగి చూడకపోవడం ఇదే మొదటిసారి. మాస్కు ఎప్పటికీ ఉంటే బాగుండు." ఊరంతా మాస్కు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తుంటే, ఆ పిల్ల పోయే రోజును తలుచుకుని దిగులు పడేది. ఇల్లు కదలక్కర్లేని పని, కెమెరా ఆపేసుకోగల మీటింగులు, పెళ్లికి పిలవని చుట్టాలు, ఇవన్నీ మాలో చాలామందికి ఊరటనిచ్చాయి. సిగ్గుపడకుండా ఒప్పుకోవలసిన నిజం ఇది. తిరిగి బయటికి రావడం కొందరికి లాక్‌డౌన్ కన్నా కష్టమైంది. రాత్రుళ్లు దురదకు నిద్ర లేక, పగలు మనుషుల్లోకి వెళ్లలేక కుంగిపోయినవాళ్లకు చర్మ డాక్టరుతో పాటు మానసిక వైద్యుడూ కావాలి. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే పెళ్లి సంబంధాల మాట కాసేపు పక్కన పెట్టి, వాళ్లు ఎన్ని గంటలు నిద్రపోతున్నారో అడగండి.

సోరియాసిస్ అంటువ్యాధి కాదనీ, నొప్పితో మనిషిని అశక్తుణ్ని చేసే దీర్ఘకాలిక వ్యాధి అనీ ప్రపంచ ఆరోగ్య సభ 2014లోనే తీర్మానించింది. 2025 మేలో అదే సభ చర్మవ్యాధులన్నిటినీ ప్రజారోగ్యంలో ప్రాధాన్యమైనవిగా గుర్తిస్తూ ఇంకో తీర్మానం చేసింది. కాగితం మీద మా మాట వచ్చింది. అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా దిగాలంటే కొన్ని పనులు జరగాలి, అవేమీ పెద్దవి కావు. బీపీ, షుగరు మాత్రలు నెలకు సరిపడా ఇస్తున్న చోటే మెథోట్రెక్సేట్, ఫోలిక్ ఆసిడ్, లూపస్ వాళ్లకు హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా చీటీ చూసి ఇవ్వాలి. లాక్‌డౌన్ లాంటిది మళ్లీ వస్తే మూడు నెలలవి ఒకేసారి ఇచ్చే ఉత్తర్వు ముందే తయారుగా ఉండాలి. రక్తపరీక్ష ఊళ్లోనే జరగాలి. తెల్ల వ్యాజలీన్ డబ్బాను సౌందర్య సాధనంగా కాక మందుగా లెక్కేసి ఉచిత మందుల జాబితాలో చేర్చాలి. ఎంత మంచి మాత్ర ఇచ్చినా, పగిలిన చేతికి పూయడానికి ఏమీ లేకపోతే ఆ మనిషి మర్నాడు పనికి వెళ్లలేడు.

చివరిగా మెథోట్రెక్సేట్ వాడుతున్న శ్రోతలకు ఒక మాట. సోరియాసిస్‌కు అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు, రోజూ వేసుకునేది కాదు. పొరపాటున రోజూ మింగి, నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. మీ డాక్టరు చెప్పిన వారం పేరును, ఆదివారమో బుధవారమో, మందుల పెట్టె మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించుకోండి. చదువు రాని పెద్దవాళ్లుంటే ఆ మాత్రలు మీ దగ్గర పెట్టుకుని ఆ రోజున మీరే ఇవ్వండి. నోట్లో పుండ్లు, జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే తర్వాతి మాత్ర వేయకుండా ముందు డాక్టరుతో మాట్లాడండి. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లయినా మగవాళ్లయినా ఈ మందు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, గర్భంతో ఉన్నప్పుడు ఇది వాడకూడదు.